గ్రంథాలయం సూచించిన ఇంటి పనులు, ఆటలు: కొన్ని వేసవులు వాడి చూశాక

హైదరాబాదులో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. ఎండలు ముదిరే ఆ రోజుల్లో పొద్దున పది దాటాక పిల్లలను బయటికి పంపడానికి ఏ ఇంట్లోనూ మనసొప్పదు. సాయంత్రం నీడ పడేదాకా వాళ్లు ఇంటిపట్టునే ఉండాలి. ఆ వేళను దృష్టిలో పెట్టుకుని మా ప్రాంతంలోని శాఖా గ్రంథాలయం, కుటుంబమంతా కలిసి ఇంట్లోనే చేసుకోగల పనులనూ ఆటలనూ సూచిస్తూ సెలవులకు ముందు కాగితాలు అచ్చువేసి పంచుతోంది. మా ఇంట్లో నేనూ మావారూ, ఇప్పుడు ఏడో తరగతికి వచ్చిన అమ్మాయి, రెండో తరగతిలో ఉన్న అబ్బాయి, మా అత్తగారు ఉంటాము. కొన్ని వేసవులుగా, వానలకు బడులు మూసిన రోజుల్లో కూడా, ఆ కాగితాలను దగ్గర పెట్టుకుని వాడుతున్నాము కాబట్టి వాటి మంచిచెడ్డలు కాస్త వివరంగా రాస్తున్నాను.

పిల్లలకు పొద్దుపోయే ఉపాయాలు ఫోనులో వెతికితే కొల్లలుగా దొరుకుతాయి. గ్రంథాలయం చెప్పే ఉపాయం వాటికంటే మిన్న కావాలంటే, ఆ పని ముగిసేసరికి పిల్లల చెయ్యి ఏదో ఒక పుస్తకం మీదికి పోవాలి. ప్రతి సూచననూ నేను ఈ గీటురాయి మీదే చూశాను.

ఆ లెక్కన అన్నిటికంటే పైన నిలిచేది ‘మీ ఇంటి గ్రంథాలయం’ అనే సూచన. ఇంట్లోని పుస్తకాలన్నిటినీ ఒకచోటికి చేర్చి, అంకెలు వేసి, సర్ది, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాయడానికి ఒక నోటుపుస్తకం పెట్టమని అందులో ఉంది. కాగితం వెనకవైపు, గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలు వేసి సర్దే డ్యూయీ దశాంశ వర్గీకరణలోని పది ప్రధాన వర్గాలను అచ్చువేశారు. అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన ఈ పద్ధతిలో మతానికి 200, విజ్ఞాన శాస్త్రాలకు 500, సాహిత్యానికి 800, చరిత్రకూ భూగోళానికీ 900 కేటాయించారు. మా అమ్మాయి అలమరలే కాక మంచం కింది ట్రంకుపెట్టె, అటక కూడా గాలించి పుస్తకాలన్నిటినీ హాల్లో కుప్పపోసింది. వ్రతకల్పాలు, స్తోత్రాల పుస్తకాలు హిందూ మతానికి ఉన్న 294.5 కిందికి, వంటల పుస్తకం 641.5 కిందికి చేరాయి. చిక్కు తెలుగు పుస్తకాల దగ్గర వచ్చింది. తెలుగు సాహిత్యానికి డ్యూయీ పద్ధతిలో 894.827 అనే అంకె ఉంది గనుక మా పుస్తకాల్లో సగం అక్కడే పోగుపడ్డాయి. వాటిని మళ్లీ ఎలా విడదీయాలో తేల్చడానికి, ఇవి కథలా, పద్యాలా, నాటకమా అని అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక్కొక్క దాన్నీ తెరిచి నాలుగైదు పేజీలైనా చదవక తప్పలేదు. ఈ సూచన విలువంతా నాకు అక్కడే కనిపించింది.

ఇంగ్లీషు సాహిత్యానికి 820 అని పొట్టి అంకె ఉండగా తెలుగుకు అంత పొడుగు అంకె ఎందుకని మా అమ్మాయి గ్రంథాలయంలో అడిగింది. అక్కడి ఉద్యోగి ఓపికగా, డ్యూయీ తన చుట్టూ ఉన్న అమెరికా గ్రంథాలయాలను చూసి ఆ పట్టిక కట్టాడనీ, ఆ తర్వాత మన దేశంలో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ అనే మరో పద్ధతిని వెలువరించారనీ చెప్పారు. ఇంటి పనిలో పుట్టిన సందేహాన్ని పట్టుకుని పిల్ల తనంతట తానే గ్రంథాలయం మెట్లెక్కడం తల్లిగా నాకు ఎంతో తృప్తినిచ్చింది. నోటుపుస్తకం బాధ్యత చిన్నవాడిది. పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ అని నాలుగు గళ్లు గీసుకున్నాడు. పక్క ఫ్లాట్ల పిల్లలకు కూడా ఆ పద్దు మీదే ఇస్తున్నాడు.

‘పసుపు కాగితం’ ప్రయోగం కూడా ఆ గీటురాయికి నిలిచింది. తెల్ల కాగితానికి పసుపు ముద్ద పూసి ఆరబెట్టి, సబ్బునీళ్లలో ముంచిన పుల్లతో దాని మీద గీస్తే గీతలు ఎర్రగా తేలుతాయి. వాటి మీద నిమ్మరసం రాస్తే తిరిగి పసుపు రంగుకు వస్తాయి. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే రంగు మారుతుంది కనుక ఇలా జరుగుతుంది. మా అత్తగారు పక్కన కూర్చుని చూసి, “పారాణి కూడా ఇట్లనే గదమ్మా, పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది” అన్నారు. పెళ్లిళ్లలో తాను చూసిన పారాణికీ, బళ్లో చెప్పబోయే ఆమ్లాలు, క్షారాల పాఠానికీ సంబంధం ఉందని తెలిసేసరికి మా అమ్మాయి ఇంకా బడి తెరవకముందే సామాన్య శాస్త్రం పుస్తకం తీసింది. అయితే ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. సబ్బునీళ్లు గానీ సున్నపు తేట గానీ వాడవచ్చని రాసిన ఆ కాగితంలో, సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదమన్న హెచ్చరిక లేదు. చిన్నపిల్లలున్న ఇళ్లలో సబ్బునీళ్లకే పరిమితం కావాలి.

పెద్దల మాటలు విని రాసిపెట్టమన్న సూచన మొదట నాకు మామూలుగానే తోచింది కానీ, ఎక్కువ కాలం నిలిచింది అదే. అత్తగారు సూర్యాపేట వైపువారు. పిల్లలు అడిగితే చెలకల వెంట తిరిగి తంగేడు, గునుగు కోసుకొచ్చి బతుకమ్మ పేర్చిన సంగతులు చెప్పారు; ఆ మాటల నడుమ పొడుపు కథలూ వచ్చాయి. “అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువున ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను” అని ఆవిడ పొడిస్తే మావాడు ఎంత ఆలోచించినా విప్పలేకపోయాడు. పిడక అని చెప్పాక కూడా వాడికి బొమ్మ కట్టలేదు. పేడను ముద్దగా చేసి గోడకు ఎలా చరుస్తారో, అయిదు వేళ్ల అచ్చు ఎలా పడుతుందో, ఎండాక చేత్తో పట్టి ఎలా ఊడదీస్తారో ఆవిడ చేతులు ఆడిస్తూ చూపించారు. అప్పుడుగానీ ‘దెబ్బలు తిన్నాను’ అన్న మాటకు అర్థం వాడికి అందలేదు. ఆ వారమే గ్రంథాలయానికి వెళ్లి పొడుపు కథల పుస్తకం అడిగి తెచ్చుకున్నాడు. చిన్నపిల్లలు వేగంగా రాయలేరు కాబట్టి మాటలను ఫోనులో రికార్డు చేసి, మర్నాడు పెద్దపిల్లల చేత రాయించడం మేలు. కాగితంలో ఈ సంగతి లేదు.

మెట్ల మీద కథ అనే సూచనకు మూలం అమెరికాలో ఉంది. వెర్మాంట్ రాష్ట్రంలోని మాంట్‌పీలియర్‌లో ఆన్ ఫెర్గూసన్ 2007లో స్టోరీవాక్ అనే పద్ధతిని మొదలుపెట్టారు. బొమ్మల కథ పేజీలను నడకదారి వెంట వరుసగా నిలిపి, కుటుంబాలు నడుస్తూ చదివేలా చేయడం దాని ఉద్దేశం. మన ఎండల్లో పార్కులో అది సాగదు కనుక అపార్ట్‌మెంటు మెట్ల మీద పెట్టుకోమని మా కాగితంలో ఉంది. అచ్చు పుస్తకమైతే పేజీకి రెండు వైపులా కథ ఉంటుంది కాబట్టి ఒకే పుస్తకం రెండు ప్రతులు కావాలి; ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో ఒకటి దొరికితే రెండోది దొరకడం కష్టం. అందువల్ల ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ కథల వేదిక నుంచి తెలుగు కథలు తీసుకున్నాము. 2015లో మొదలైన ఆ వేదికలోని కథలను ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విభజించారు కనుక చిన్నవాడికి తగినది వెతకడమూ తేలికైంది. గోడకు టేపు అంటిస్తే సున్నం పెచ్చులూడుతుందని రెయిలింగుకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పేజీలను పిల్లల కంటి ఎత్తున తగిలించాము. కింది అంతస్తు నుంచి పైకి చదువుకుంటూ వచ్చిన పిల్లలు చివరి పేజీ దగ్గర మళ్లీ మొదటికి దిగిపోవడం చూశాక, ఇంత శ్రమా దండగ కాలేదనిపించింది.

పేపరు ప్లేటు మాస్కులు, మెరుపు కాగితాల పూలు వంటి వాటి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ఫోమ్ షీట్లు, జిగురు కొనాలి, పూట గడుస్తుంది, పుస్తకం ఊసు రాదు. ఒక్కో గడిలో ఒక్కో రకం చదువు రాసి, చదివినకొద్దీ గళ్లు నింపే చదువు పట్టిక మాత్రం రెండో తరగతి వయసుకు చక్కగా పనికొస్తుంది. ‘ఎవరికైనా చదివి వినిపించిన పుస్తకం’ అన్న గడి కోసం మావాడు నానమ్మకు రోజూ చదివి వినిపించాడు. ఏడో తరగతి పిల్లలకు అది చిన్నతనంగా తోస్తుంది.

అన్నిటికంటే పెద్ద లోపం కాగితం అడుగున ఇచ్చే పుస్తకాల జాబితాలో ఉంది. అందులో ఎక్కువ ఇంగ్లీషు పుస్తకాలు, వాటిలోనూ చాలావరకు ఆ గ్రంథాలయం బీరువాల్లో ఉండవు. పిల్లలను అంత ఉత్సాహపరిచి, వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన రోజున పుస్తకం లేదనవలసి రావడం బాధ కలిగించే విషయం. అక్కడి ఉద్యోగులు ప్రతిసారీ ప్రత్యామ్నాయం చూపించారు కానీ, జాబితా వేసే ముందే బీరువా చూసుకుంటే ఆ అవసరమే రాదు. కొనగలిగినవారికి తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ ప్రచురించే పిల్లల తెలుగు పుస్తకాలు ఉన్నాయి. కొనలేని ఇళ్ల కోసమే కదా గ్రంథాలయం ఉన్నది.

ప్రతి పనికీ ‘పెద్దల సహాయంతో’ అని రాయడం ఇంకొక ఇబ్బంది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో, నానమ్మ గానీ అమ్మమ్మ గానీ లేని ఇళ్లలో, మధ్యాహ్నం రెండింటికి ఆ సహాయం ఎవరు చేస్తారు? పిల్లలు తమంతట తాము చేసుకోగలిగినవి ఏవో, పెద్దలు దగ్గర ఉండి తీరవలసినవి ఏవో, ఏ వయసుకు ఏది తగునో ఒక్కొక్క దాని పక్కన చిన్న గుర్తుతో చెప్పవచ్చు. ఈ మాటలనూ, జాబితాలోని పుస్తకాల పక్కన బీరువా అంకె వేయమన్న కోరికనూ గ్రంథాలయంలోని సూచనల పుస్తకంలో రాసి వచ్చాను.

కొత్తగా ఈ కాగితాలు తీసుకునే కుటుంబాలు ఇంటి గ్రంథాలయంతో మొదలుపెట్టడం మంచిది. కుప్పపోసిన పుస్తకాలు సర్దుకోవడానికి కొన్ని మధ్యాహ్నాలు పడతాయి కనుక ఇంట్లో అందరూ ఉండే ఆదివారం దానికి అనువైన రోజు. మెట్ల మీద కథకు అపార్ట్‌మెంటు సంఘం వారి అనుమతి ముందే తీసుకోవాలి.