ఇంటి చదువుకి తెప్పించిన నేచర్ కిట్: భూతద్దం సూపర్, కార్డులు దండగ

ఐదేళ్ల పాపకి ఇంట్లోనే చదువు చెబుతున్నాం కదా అని 900 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఈ కిట్ తెప్పించాను. భూతద్దం మాత్రం సూపర్, గాజుదే, చిన్న చేతికి సరిపోతుంది. కరివేపాకు మొక్క మీద పక్షి రెట్టలా కనిపించే పురుగుని దాంతో చూపిస్తే, అది పెరిగి ఆకుపచ్చగా మారి, ప్యూపా కట్టి, నిమ్మ సీతాకోకచిలుకై ఎగిరిపోయేదాకా పాప వదల్లేదు, అన్నం కూడా అక్కడే. కార్డులు దండగ. అన్నీ మేపుల్ ఆకులు, పైన్ కాయలే, వేప, కానుగ ఒక్కటీ లేవు! టమాటా విత్తనాలిచ్చారు, మొలకెత్తడానికి వారం పైనే, ఆ వయసు పిల్లలు అంతవరకు ఆగుతారా? మెంతులు నానబెట్టి తడిగుడ్డలో కట్టండి, రెండు మూడు రోజుల్లో మొలకలొస్తాయి. భూతద్దం విడిగా దొరికితే అదొక్కటే కొనండి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే విత్తనాల పొట్లం అందకుండా పెట్టండి, నోట్లో పెట్టేసుకుంటారు.