ముఖంలో ముడతలు చెడకూడదంటే: రాగి ప్లేటుకి ఫెర్రిక్–సిట్రిక్ ద్రావణం

ముసలామె బుగ్గ మీది ముడతలూ, కూలీ చేతి మీద ఉబ్బిన నరాలూ ఎచింగ్‌లో (ప్లేటు మీద గీసిన గీతల్ని రసాయనంతో తినిపించి, సిరా నింపి కాగితం మీద అచ్చు వేసే పద్ధతి) దించాలనుకునేవాళ్లకి నైట్రిక్ యాసిడ్ కన్నా ఫెర్రిక్ క్లోరైడ్‌లో సిట్రిక్ యాసిడ్ కలిపిన ఈ ద్రావణమే మేలు. నైట్రిక్ గీతని కిందికే కాదు, పక్కలకీ తినేస్తుంది. కంటి కొసన దగ్గరదగ్గరగా గీసిన నాలుగు గీతలూ కలిసిపోయి నల్లమచ్చ అయిపోతాయి. పైగా బుడగలు గ్రౌండ్‌ని, అంటే గీతలు లేనిచోట యాసిడ్ తగలకుండా ప్లేటుకి పూసే పూతని, లేపేస్తాయి. ఫెర్రిక్ క్లోరైడ్‌లో బుడగలు రావు, గీత నిటారుగా దిగుతుంది. రెంబ్రాంట్ 1635లో వేసిన అట్లు పోసే ముసలామె బొమ్మ చూడండి: చుట్టూ మూగినవాళ్లలో చాలామంది సన్నగీతల్లోనే ఉంటారు. అలాంటి గీతలు వెడల్పయితే ఇక ముఖాలే మిగలవు.

ఉత్త ఫెర్రిక్‌తో చిక్కేమిటంటే, గీతల్లో మడ్డి పేరుకుంటుంది. అందుకే ప్లేటుని బోర్లా పెట్టేవారు. సిట్రిక్ ఆ మడ్డిని కరిగించేస్తుంది కాబట్టి ప్లేటు వెల్లకిలా పెట్టినా ఫర్వాలేదు. 1990లలో ఫ్రీడ్‌హార్డ్ కీకెబెన్ రూపొందించిన ఈ మిశ్రమానికి ఎడిన్‌బరో ఎచ్ అని పేరు. మూడు వంతుల వేడినీళ్లలో ఒక వంతు సిట్రిక్ పొడి పూర్తిగా కరిగించి చల్లారనివ్వాలి. 40 శాతం ఫెర్రిక్ ద్రావణం 4 లీటర్లుంటే ఇది 1 లీటరు పోయాలి.

పెద్ద లోపం రంగు. ముదురు గోధుమరంగు ద్రావణంలో ప్లేటు కనబడదు, కంటితో చూసి అంచనా వెయ్యలేం. అదే గ్రౌండ్ పూసిన రాగి ముక్క మీద 5, 10, 20, 40 నిమిషాల గీతలు ముందే పరీక్షించుకోవాలి. చలిగా ఉంటే పని నెమ్మదిస్తుంది, ఆ లెక్కలు మారిపోతాయి. మొదటి ముంచు అవగానే కడిగి, ఆరబెట్టి, బుగ్గల గీతల్ని ఇంకా లోతు కాకుండా వార్నిష్‌తో మూసెయ్యాలి. కనుబొమ్మల కింది నీడ, మెడ మడతలు చివరిదాకా తెరిచి ఉంచాలి.

ప్లేటు జిడ్డు సరిగ్గా వదలకపోతే గ్రౌండ్ లేచి, ప్రూఫ్‌లో (పరీక్షకి తీసిన అచ్చులో) నుదుటి మీద స్ఫోటకం మచ్చల్లాంటి చుక్కలు పడతాయి. ఆ తప్పు ద్రావణానిది కాదు. సుద్దపొడితో రుద్ది కడిగినప్పుడు నీళ్లు బొట్లుగా విడిపోకుండా ప్లేటంతా పరుచుకుంటేనే గ్రౌండ్ వెయ్యాలి. వెనకవైపు టేపు తప్పనిసరి.

జింక్, అల్యూమినియం ఇందులో ముంచొద్దు, వేడెక్కి పొంగుతుంది. చేతొడుగులు, కళ్లజోడు లేకుండా ముట్టుకోవద్దు. బట్టల మీద పడితే మరక పోదు. ద్రావణం ఆకుపచ్చగా మారి గీత తినడం బాగా ఆలస్యమైతే మార్చెయ్యాలి. అందులో కరిగిన రాగి ఉంటుంది, నీటిలోని జీవాలకి అది విషం. కాలవలో పారబోయకుండా డబ్బాలో నింపి రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్లకే అప్పగించాలి.