కాయిన్ కలెక్షన్ స్టార్టర్ కిట్ - ఏడాది పైన వాడాక రాస్తున్న రివ్యూ (5కి 3)

కోవిడ్ మొదలైన కొత్తల్లో, ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచక ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టిన కిట్ ఇది. బాక్సులో ఒక ఆల్బమ్, ఒక కట్ట అట్ట హోల్డర్లు (మధ్యలో గుండ్రంగా ప్లాస్టిక్ కిటికీ ఉండి మడిచి పిన్నులు కొట్టేవి), భూతద్దం, బరువు తూచే చిన్న డిజిటల్ స్కేలు, తెల్ల కాటన్ గ్లౌజులు, ఒక పాలిష్ గుడ్డ వచ్చాయి. పైన పెద్దక్షరాలతో ఇంట్లోనే సేఫ్‌గా కాయిన్ కలెక్షన్ అని రాసుంది. సేఫ్ అంటే మనకా నాణేలకా అన్నది మాత్రం రాయలేదు, అసలు గొడవంతా అక్కడే.

ముందు బాగున్నది చెప్తా, స్కేలు. మూడు స్టార్లలో రెండు దానికే. గ్రాములో నూరో వంతు వరకు చూపిస్తుంది. అప్పట్లో కాయిన్ షోలన్నీ ఆగిపోయాయి కదా, 2020 ఆగస్టులో పిట్స్‌బర్గ్‌లో జరగాల్సిన అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వాళ్ళ పెద్ద షో కూడా క్యాన్సిల్ అయింది, ఇక చేత్తో పట్టుకుని చూసి కొనే దారి లేక అందరం ఫోటోలు చూసే కొన్నాం, ఫోటోలో బరువు కనపడదు కదండీ. నేను మోర్గాన్ డాలర్ అనే పాత అమెరికా వెండి నాణెం ఒకటి తెప్పించా. అసలుదైతే 90 శాతం వెండి, 26.73 గ్రాములుండాలి, బాగా అరిగితే కాస్త తగ్గొచ్చు అనుకోండి, కానీ నాకొచ్చింది 22 కూడా దాటలేదు. అయస్కాంతం పెడితే అతుక్కోలేదు, అక్కడితో మురిసిపోయుంటే మునిగిపోయేవాణ్ణి, ఎందుకంటే ఇత్తడి కూడా అతుక్కోదు. స్కేలు మీద పెట్టి తీసిన ఫోటో పంపితేనే అమ్మినాయన నోరు మెదపకుండా డబ్బులు వెనక్కిచ్చాడు.

స్కేలుతో కాలక్షేపం కూడా బానే ఉంటుంది. అమెరికా పెన్నీ (ఒక సెంటు నాణెం) 1982లో రాగి నుంచి జింక్‌కి మారింది, పైన రాగి పూత ఉంటుంది కాబట్టి కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ పాతది 3.11 గ్రాములు, కొత్తది 2.5. ఆ ఒక్క ఏడాదివి మాత్రం రెండు రకాలూ ఉంటాయి, తూస్తే గానీ తేలవు. ఒక ఆదివారం మొత్తం అదే పని. (2020 జూన్‌లో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, మామూలు బ్యాంకులకి నాణేల్ని రేషన్ లెక్కన ఇవ్వాల్సొచ్చింది, నాణేలు లేక కాదు, జనం బయటికెళ్ళక అవన్నీ ఇళ్ళల్లో డబ్బాల్లో పడి ఉండటం వల్ల. మనలాంటోళ్ళ చెయ్యి కూడా కొంచెం ఉండే ఉంటుంది లెండి.)

ఇప్పుడు తిట్లు. కిట్‌తో పాటు ఒక కాగితం వచ్చింది, అందులో ప్రతి నాణేన్నీ శానిటైజర్‌తో తుడిచి ఆల్బమ్‌లో పెట్టమని రాశారు. నేనూ భయంలో ఉన్నా కదా, వందేళ్ళు దాటిన రాగి నాణెం ఒకటి, చక్కటి చాక్లెట్ రంగులో ఉండేది, దాన్ని శానిటైజర్ పోసి ఆ పాలిష్ గుడ్డతో రుద్దేశా. రెండు నిమిషాల్లో ఒక పక్క గులాబీ రంగులో మెరుస్తోంది, ఇంకో పక్క మచ్చలు. వందేళ్ళు పట్టిన రంగు పోయింది, ఇక రాదు. శానిటైజర్లో ఆల్కహాల్‌తో పాటు నీళ్ళూ, గ్లిజరినూ, సెంటూ ఉంటాయి, అది చేతులకి, నాణేలకి కాదు. పాలిష్ గుడ్డయితే దయచేసి తలుపు గొళ్ళేలకి వాడుకోండి.

నిజానికి అంత అవసరమే లేదు. 2020 మార్చిలో వచ్చిన స్టడీలో ల్యాబ్‌లో చూస్తే రాగి మీద 4 గంటల తర్వాత, అట్ట మీద 24 గంటల తర్వాత బతికున్న వైరస్ కనపడలేదు, ప్లాస్టిక్, స్టీలు మీద మాత్రం రెండు మూడు రోజులు దొరికింది. అంటే పార్సిల్ విప్పకుండా మూడు రోజులు ఓ మూల పడేస్తే చాలు, రుద్దేదేమీ లేదు. తర్వాత 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు ఇలా వస్తువుల్ని ముట్టుకుని అంటుకునే అవకాశం సాధారణంగా పది వేలలో ఒకటి కంటే తక్కువే అన్నారు. ఆ మాట ముందే తెలిసుంటే నా నాణెం బతికేది. జిగురో జిడ్డో ఉంటే వాటిని కరిగించే ప్యూర్ అసిటోన్ ద్రవంలో ముంచి తీయొచ్చు, రుద్దకూడదు, గాజు గిన్నెలోనే, కిటికీలు తెరిచి, మంటకి దూరంగా. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి, అందులో రంగులూ నూనెలూ కలుపుతారు.

గ్లౌజులు వేసుకుంటే నాణెం జారుతోంది, రెండుసార్లు కింద పడేశా. సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరాక, అంచులు పట్టుకుని, కింద మెత్తటి టవల్ వేసుకుని చూడటమే మేలు. మాస్క్ గురించి మాత్రం ఒకటి చెప్పాలి, నాణెం మీదకి వంగి మాట్లాడితే నోటి తుంపర్లు పడి కొన్నాళ్ళకి నల్ల చుక్కలు లేస్తాయి, అందుకే నాణేలు సేకరించేవాళ్ళు ఎప్పట్నుంచో నాణెం చేతిలో ఉంటే నోరు మూసుకోమంటారు. మాస్క్ పుణ్యమాని నాణెం చూస్తూ కూడా వాగొచ్చు.

భూతద్దం మీద 30 ఎక్స్, అంటే 30 రెట్లు పెద్దగా చూపిస్తుందని ఉంది. నిజంగా అంతుంటే నాణెంలో ఒక చిన్న ముక్క తప్ప కనపడకూడదు, దీంట్లో దాదాపు మొత్తం కనపడుతోంది. అయినా వాడుకోవచ్చు, మనకి 5 నుంచి 10 ఎక్స్ చాలు. అట్ట హోల్డర్లు బానే ఉన్నాయి, పిన్ను కొట్టాక దాని కాళ్ళు ప్లయర్‌తో నొక్కి చదును చేయండి, లేకపోతే పక్క నాణేన్ని గీకుతాయి.

ఆల్బమ్ దగ్గరే నాకు ఒళ్ళు మండింది. విప్పగానే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పుమంది. ఆ వాసన వస్తే పీవీసీ అనే రకం ప్లాస్టిక్ అని అనుమానపడాలి, పీవీసీ మెల్లగా విడిపోతూ ఆమ్లం వదులుతుంది, నాణెం మీద ఆకుపచ్చగా జిగటగా పేరుకుంటుంది, అది మామూలు చిలుము కాదు, లోహాన్ని తినేస్తుంది. ఎనిమిది నెలలకే రెండు నాణేల మీద కనిపించింది, అసిటోన్‌తో ఒకటి దక్కింది, ఇంకోదానికి గుంటలు పడ్డాయి. డౌటుంటే రాగి తీగ ఎర్రగా కాల్చి ఆ షీటుకి తాకించి మళ్ళీ మంటలో పెట్టండి, మంట ఆకుపచ్చగా వస్తే క్లోరిన్ ఉన్నట్టే, అంటే పీవీసీ అయ్యుండొచ్చు, పొగ మంచిది కాదు కాబట్టి ఆరుబయటే చేయండి. నాది మంచి ఆకుపచ్చగా మండింది. మైలార్ అనే పాలిస్టర్‌వి గానీ పాలీప్రొపిలీన్‌వి గానీ అయితే భయం లేదు, నేను అన్నీ వాటిలోకి మార్చేశా.

ఆల్బమ్ ఏ ప్లాస్టిక్‌తో చేశారండీ అని కంపెనీకి మెయిల్ పెట్టా. హై క్వాలిటీ ప్లాస్టిక్ అని జవాబొచ్చింది, కింద ఇంకో పాలిష్ గుడ్డ కొనుక్కోమని లింకు.