చిన్న బొమ్మా, పెద్ద బొమ్మా, మూసిన డబ్బానా? చవక యాక్షన్ ఫిగర్లలో ఏది మేలు?

నా బల్ల మీద రెండు యాక్షన్ ఫిగర్లున్నాయి, అంటే కాళ్లూ చేతులూ కదిలే పాత్రల బొమ్మలు. ఒకటి అరచేతి కన్నా పొడవైన వీరుడు. చొక్కా మడతలు, కనుబొమల వెంట్రుకలు, బూటు లేసులు అన్నీ అచ్చులో స్పష్టంగా దిగాయి. రెండోది చూపుడువేలి కన్నా కాస్త పొడవున్న సైనికుడు. ముఖమంటే రెండు నల్ల చుక్కలు, ఒక గీత, అంతే. మొదటిదాన్ని రోజూ చూస్తాను. రెండోదాన్ని రోజూ పట్టుకుంటాను. ఫోన్ మాట్లాడుతూ దాని మోకాలు వంచి పుస్తకం అంచున కూర్చోబెడతాను, మాట అయ్యేలోపు మళ్లీ నిలబెడతాను.

చవక బొమ్మల్లో ఏది కొనాలని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ తేడానే. కొన్న నెల తర్వాత కూడా చెయ్యి దాని మీదకి వెళ్తోందా లేదా అన్నదే నేను చూసుకునే కొలత. ముఖం ఎంత బాగా చెక్కారు, డబ్బా ఎంత అందంగా ఉంది అన్నవి ఆ తర్వాతే. పెద్ద పెద్ద ఖరీదైన విగ్రహాలను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. దుకాణంలో అట్టకు అంటించి వేలాడదీసేవి, పిల్లలూ పెద్దలూ ఇద్దరూ కొనేవి, ఒకటి విరిగినా నిద్ర పట్టని పరిస్థితి రానివి, వాటి గురించే ఈ పోలిక.

ముందు కొలతల సంగతి. 1964లో అమెరికా బొమ్మల సంస్థ హాస్‌బ్రో తెచ్చిన మొదటి జి.ఐ. జో సైనికుడి బొమ్మ 30 సెంటీమీటర్ల పొడవుండేది. మగపిల్లలకు ‘డాల్’ అంటే కొనరేమోనని దానికి ‘యాక్షన్ ఫిగర్’ అని పేరు పెట్టారు. ఆ మాటే ఇప్పుడు ఈ రకం బొమ్మలన్నిటికీ స్థిరపడిపోయింది. 1978లో కెన్నర్ సంస్థ స్టార్ వార్స్ సినిమా బొమ్మలను 9.5 సెంటీమీటర్లకు, అంటే మూడుముప్పావు అంగుళాలకు తగ్గించింది. అలా ఎందుకంటే, 30 సెంటీమీటర్ల బొమ్మకు తగిన అంతరిక్ష నౌక చెయ్యాలంటే అది మంచమంత అవుతుంది. బొమ్మ వేలెడంత ఉంటే నౌకను కూడా పిల్లవాడు రెండు చేతులతో ఎత్తి గాల్లో తిప్పగలడు. ఈ ఒక్క నిర్ణయంతో బొమ్మ చవకైంది, వాహనాలకు చోటు దొరికింది, ఒక్కడే వీరుడు కాకుండా మొత్తం సైన్యం కొనుక్కునే వీలు కలిగింది. ఈ చిన్న కొలత మీద నాకున్న అభిమానానికి మూలం ఇదే.

ఇక 15 సెంటీమీటర్ల బొమ్మ, అంటే ఆరంగుళాలది. 2002లో టాయ్ బిజ్ సంస్థ మొదలుపెట్టిన మార్వెల్ లెజెండ్స్, అంటే మార్వెల్ కామిక్స్ వీరుల బొమ్మల వరుస, ఈ కొలతకు పెద్ద పేరు తెచ్చింది. 2007 నుంచి వాటిని హాస్‌బ్రో చేస్తోంది. 2013లో స్టార్ వార్స్ కూడా బ్లాక్ సిరీస్ పేరుతో ఈ కొలతలోకి వచ్చింది. దీని బలం పక్కాగా కనిపిస్తుంది. మనిషి ఎత్తులో పన్నెండో వంతు కాబట్టి ముఖంలో పోలికలు దింపడానికి చోటుంటుంది. మోచేతికి, మోకాలికి రెండేసి చోట్ల కీళ్లు పెట్టొచ్చు. చేతులు మార్చుకోవచ్చు. పిడికిలి బిగించిన చెయ్యి తీసేసి వేళ్లు చాచిన చెయ్యి తగిలిస్తే బొమ్మ మనసే మారినట్టుంటుంది. ఫొటోలు తీసేవాళ్లకు ఇదే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు.

కానీ చవక అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పెద్ద బొమ్మ తడబడుతుంది. ఒకటి కొన్నాక దానికి జోడీ కావాలనిపిస్తుంది, జోడీ వచ్చాక ప్రతినాయకుడు కావాలనిపిస్తుంది. అయిదారు చేరేసరికి అర నిండుతుంది. దీనికి తోడు 2005 నుంచి మార్వెల్ లెజెండ్స్‌లో ఒక పద్ధతి వచ్చింది: ఒక్కో బొమ్మ డబ్బాలో ఇంకో భారీ బొమ్మ తాలూకు చెయ్యో కాలో పెడతారు, అన్నీ కొంటే ఆ భారీ బొమ్మ పూర్తవుతుంది. మొదట్లో నాకు చాలా నచ్చింది. ఒకసారి మొండెం, రెండు కాళ్లు చేరాక మిగతా వాటి కోసం నాకు ఏమాత్రం ఇష్టం లేని రెండు బొమ్మలు కొన్నాను. వాటిని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు. కావలసిన బొమ్మ ఒక్కటే కొనండి, తోకకు కట్టిన దాన్ని వదిలెయ్యండి.

కీళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే బొమ్మ బతుకంతా అక్కడే ఉంది. 1978 నాటి చిన్న బొమ్మలకు అయిదే కీళ్లు: మెడ, రెండు భుజాలు, రెండు తుంటి కీళ్లు. కూర్చోగలవు, చెయ్యెత్తగలవు, అంతకు మించి ఏమీ చెయ్యలేవు. 1982లో జి.ఐ. జో ఇదే చిన్న కొలతలోకి దిగినప్పుడు మోచేతులు, మోకాళ్లు, నడుము కూడా కదిలాయి. మరుసటి ఏడాది మోచేతికి పైన చెయ్యి పక్కకు తిరిగే ఏర్పాటు కూడా వచ్చింది. దానితో తుపాకీని రెండు చేతులా పట్టుకోగలిగింది. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. బొమ్మను చేత పట్టినవాడికి మాత్రం ఆ ఒక్క తిప్పుతో కొయ్యలా నిలబడేది మనిషిలా నిలబడుతుంది.

ఆ జి.ఐ. జో లోపల ఎలా కట్టారో చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. వీపు మీద ఒకే ఒక్క మర ఉంటుంది. దాన్ని విప్పితే ఛాతీ రెండు చెక్కలుగా విడిపోతుంది. లోపల చిన్న నల్ల రబ్బరు రింగు కనిపిస్తుంది. దాని ఒక కొన రెండు కాళ్లనూ కలిపే లోహపు కొక్కేనికి తగులుకుని, నడుము ముక్కలోంచి పైకి వచ్చి, ఛాతీలోని గూటానికి తగులుకుంటుంది. బొమ్మ మొత్తాన్ని పట్టి ఉంచేది ఆ రబ్బరే. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు ఎండి తెగుతుంది, బొమ్మ నడుము దగ్గర రెండు ముక్కలవుతుంది. మొదటిసారి అలాంటి పాత బొమ్మను ఒకరి దగ్గర తీసుకుని విప్పినప్పుడు నా చేతులు కాస్త వణికాయి. కొత్త రింగును చిన్న పట్టకారుతో లాగి కొక్కేనికి తగిలించి, ఛాతీ చెక్కలు మూసి మర బిగించాను. కాళ్లు పట్టుకుని వదిలితే టప్పున వెనక్కి లాక్కున్నాయి. పది నిమిషాల పని. నాకన్నా ముందు పుట్టిన బొమ్మ మళ్లీ నిలబడింది. పెద్ద బొమ్మల్లో ఇలా విప్పి బాగుచేసుకునే వీలు అరుదు, చాలావాటిని జిగురుతో మూసేస్తారు.

పెద్ద బొమ్మ విషయంలో నాకు తగిలిన దెబ్బ కూడా చెప్తాను. కొత్తగా తెచ్చిన ఆరంగుళాల బొమ్మ చీలమండ బిగుసుకుపోయి ఉంది, రంగు లోపలికి కారి అంటుకున్నట్టుంది. బలంగా తిప్పాను. సన్నని మేకు తెగి పాదం చేతిలోకి వచ్చేసింది. అప్పటి నుంచి ఏ బొమ్మ తెచ్చినా కీళ్లు తిప్పే ముందు వేడినీళ్లలో అర నిమిషం ముంచుతాను. మరిగే నీళ్లు అక్కర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే చాలు. ప్లాస్టిక్ మెత్తబడి కీలు తనంతట తానే వదులవుతుంది. వంకరపోయిన కాళ్లకూ, ఒంగిపోయిన కత్తులకూ ఇదే మందు: వేడినీళ్లలో పెట్టి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో ముంచితే ఆ ఆకారంలోనే బిగుసుకుంటాయి.

ఇప్పుడు మూసిన డబ్బాలు. లోపల ఏ బొమ్మ ఉందో తెలియకుండా అమ్మే బ్లైండ్ బాక్సులు. వీటి ఆకర్షణ నాకు బాగా అర్థమవుతుంది. విప్పే ఆ అరనిమిషం టెన్షన్ నిజంగా బాగుంటుంది. కాకపోతే కొనే ముందు ఒక లెక్క వేసుకోవాలి. సెట్టులో 12 బొమ్మలున్నాయనుకోండి. ప్రతి డబ్బాలోనూ ఏదైనా రావడానికి సమాన అవకాశం ఉందనుకుందాం. సగం సెట్టు, అంటే 6 వేర్వేరు బొమ్మలు చేరడానికి సగటున 8 డబ్బాలు చాలు. అక్కడిదాకా హాయిగా ఉంటుంది. మిగతా 6 కోసం సగటున ఇంకో 29 డబ్బాలు విప్పాలి! ఆఖరి ఒక్క బొమ్మకే సగటున 12 డబ్బాలు పడతాయి. మొత్తం 37. చవకగా మొదలైన సరదా, అన్నీ కావాలనుకున్న మరుక్షణం అన్నిటికన్నా ఖరీదైనదవుతుంది. ఏది వచ్చినా సంతోషమే అనుకునేవాళ్లు రెండో మూడో కొని ఆగిపోవచ్చు. ఒక్కటి తక్కువైనా మనసు ఊరుకోని మనస్తత్వమైతే విప్పి అమ్మేవాళ్ల దగ్గర కావలసినదాన్నే కొనుక్కోండి, లేదా ఒక్కో బొమ్మా ఒక్కోటి ఉంటుందని రాసి ఉన్న పూర్తి పెట్టె తీసుకోండి.

ఈ కోవలో నాకు బాగా నచ్చేవి లెగో చిన్న మనుషులు. ఇప్పుడున్న రూపం 1978లో వచ్చింది. ఎత్తు 4 సెంటీమీటర్లే, అయినా తల, రెండు చేతులు, రెండు మణికట్లు, రెండు కాళ్లు, మొత్తం ఏడు చోట్ల కదులుతుంది. 2010లో వీటిని మూసిన పొట్లాల్లో విడిగా అమ్మడం మొదలుపెట్టారు. పొట్లం మెత్తనిది కాబట్టి వేళ్లతో తడిమి లోపలున్నది ఎవరో పోల్చుకోవచ్చు. టోపీ అంచు, గిటారు మెడ, జుట్టు ఒంపు వేలికి తగిలి గుర్తు పట్టినప్పుడు కలిగే ఆనందం డబ్బాను విప్పడంలో కూడా లేదు. 2023లో అట్టపెట్టెలకు మారాక ఆ ఆట పోయింది. పర్యావరణానికి మంచిదే, ఒప్పుకుంటాను. కానీ నా వేళ్లకు అది లోటే.

పెద్ద తల, గుండ్రటి నల్ల కళ్లున్న ఫంకో పాప్ బొమ్మలను చాలామంది ఇష్టపడతారు. 2010లో వచ్చాయి. విచిత్రంగా వీటి ఎత్తు కూడా దాదాపు 9.5 సెంటీమీటర్లే. కానీ మోచెయ్యి లేదు, మోకాలు లేదు. మహా అయితే తల తిరుగుతుంది. అభిమాన పాత్ర గుర్తుగా ఒకటి పెట్టుకోవడం బాగుంటుంది. ఎవరూ బొమ్మ చెయ్యని చిన్న పాత్రలకు కూడా వీటిలో చోటు దొరకడం నిజంగా మంచి సంగతి. అంతకు మించి నా కొలతకు ఇవి అందవు. డబ్బా విప్పకుండా దాచితే రేపు ధర పెరుగుతుందనుకునేవాళ్లకు ఒక్క విషయం: 2023లో ఆ సంస్థే 3 నుంచి 3.6 కోట్ల డాలర్ల విలువైన సరుకును వదిలించుకుంటున్నట్టు ప్రకటించింది. పాత బొమ్మలు అరుదయింది ఎందుకంటే వాటితో పిల్లలు ఆడుకున్నారు, పోగొట్టుకున్నారు, విరగ్గొట్టారు. అందరూ దాచిపెట్టినది రేపు అరుదెలా అవుతుంది?

లోహపు చిన్న కార్లు బొమ్మలు కావు కదా అంటారేమో, కానీ తక్కువ డబ్బుకు ఎక్కువ తృప్తి అంటే వాటిని వదిలి మాట్లాడటం అన్యాయం. మ్యాచ్‌బాక్స్ 1953 నుంచి, హాట్ వీల్స్ 1968 నుంచి ఉన్నాయి. అరచేతిలో పెట్టుకుంటే ఆ చల్లదనం, ఆ బరువు ప్లాస్టిక్‌కు రావు. చక్రం నేలకు ఆనించి తోస్తే గది ఆ చివరిదాకా సాగిపోతుంది. కీళ్లు లేవు కాబట్టి విరిగేదీ తక్కువే. పాత చిన్న బొమ్మ తర్వాత నా చెయ్యి ఎక్కువగా వెళ్లేది వీటి మీదకే.

నకిలీల గురించి క్లుప్తంగా: ముఖం రంగు చెదిరి కన్ను చెంప మీదకి జారి ఉంటే, అతుకుల దగ్గర ప్లాస్టిక్ పొరలు మిగిలి ఉంటే, డబ్బా విప్పగానే ఘాటు రసాయనపు వాసన వస్తే పక్కన పెట్టెయ్యండి. పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో నకిలీ కాని బొమ్మలతో వచ్చే చిట్టి తుపాకులు, టోపీలు కూడా నోట్లోకి వెళ్లే సైజువే, వాటిని వేరే డబ్బాలో పైన పెట్టాలి. ఏ రకమైనా కిటికీ ఎండ తగిలే చోట నిలబెట్టొద్దు, తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. గాలాడని ప్లాస్టిక్ సంచిలో ఏళ్ల తరబడి పెడితే మెత్తటి బొమ్మలు జిగటెక్కుతాయి.

ఇంతకీ ఏది కొనాలి? జీవితంలో ఒక్క పాత్రనే మనసారా ఇష్టపడి, దాన్ని ఒక్కదాన్నే బల్ల మీద పెట్టుకోవాలనుకుంటే ఆరంగుళాలదే తీసుకోండి. ఆ ముఖంలో కనిపించే పోలిక చిన్నదాంట్లో రాదు. ఒక గుంపు కావాలి, వాళ్లకో వాహనం కావాలి, పిల్లలతో కలిసి నేల మీద కూర్చుని ఆడాలి అంటే మూడుముప్పావు అంగుళాలవే, అవి కూడా మోచేతులు, మోకాళ్లు వంగేవే. అయిదు కీళ్లవి కొత్తగా ఇప్పటికీ వస్తున్నాయి, పాత రోజుల గుర్తుగా బాగానే ఉంటాయి, కానీ వారానికి అరలోనే స్థిరపడిపోతాయి. వాడినవి దొరికితే ఇంకా మంచిది. రబ్బరు రింగున్న పాత జి.ఐ. జో అయితే కొనే ముందు బొమ్మను ఒక కాలు పట్టుకుని తలకిందులుగా ఎత్తి చూడండి. నడుము వేలాడకుండా, రెండో కాలు జారకుండా నిలిచిందంటే లోపలి రబ్బరు ఇంకా బాగుంది. వేలాడితే కూడా తీసుకోండి, ధర కాస్త తగ్గించమని అడిగి.