బాఖ్ మేలా, హాండెల్ మేలా? మొదట ఎవర్ని వినాలి

బరోక్ సంగీతం (సుమారు 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో నడిచిన శాస్త్రీయ సంగీతం) విందాం అనుకున్న ప్రతివాళ్ళూ కొన్నాళ్ళకి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతారు. నా జవాబు ముందే చెప్పేస్తా: కొత్తగా వినేవాళ్ళకి హాండెల్ మేలు, తర్వాతి తరాల మీద ప్రభావం అంటే బాఖ్ దరిదాపుల్లోకి ఎవరూ రారు, ఇక బతికిన తీరు చూస్తే నాకు హాండెల్ బతుకే నచ్చుతుంది. అదే కాలపు ఇటలీ సంగీతకారుడు వివాల్డి ఏమైపోయాడు అంటారేమో, ఆయన సంగతీ వస్తుంది.

ఇద్దరూ పుట్టింది 1685లోనే. ఫిబ్రవరిలో హాలే ఊళ్ళో హాండెల్, నెల తిరక్కుండానే మార్చిలో ఐసెనాఖ్‌లో బాఖ్. రెండూ ఇప్పటి జర్మనీలోవే, ఒకదానికొకటి మరీ దూరం కూడా కాదు, అయినా ఇద్దరూ జన్మలో ఒక్కసారీ కలవలేదు. బాఖ్ మాత్రం గట్టిగానే ప్రయత్నించాడు పాపం. 1719లో హాండెల్ హాలే వచ్చాడని తెలిసి తనుంటున్న కోథెన్ నుంచి బయల్దేరి వెళ్ళేసరికి ఆయన అప్పటికే వెళ్ళిపోయాడు, 1729లో పెద్దకొడుకుని పంపించి లైప్‌జిగ్ రమ్మని కబురు పెడితే అదీ కుదర్లేదు.

అసలు తేడా ఎక్కడంటే, బాఖ్ జీవితమంతా ఉద్యోగం చేశాడు, హాండెల్ వ్యాపారం చేశాడు. సంగీతంలో కనిపించే తేడాలు కూడా చాలావరకు ఇక్కడినుంచే వచ్చాయని నాకనిపిస్తుంది.

బాఖ్‌కి పదేళ్ళు నిండేలోపే తల్లీ తండ్రీ పోయారు, అన్న దగ్గర పెరిగాడు, చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగాలతో మొదలుపెట్టాడు. 1705లో బుక్స్‌టెహూడె అనే పెద్దాయన వాయిస్తుంటే వినాలని నాలుగు వారాలు సెలవు పెట్టి ల్యూబెక్ దాకా వెళ్ళాడు, నాలుగొందల కిలోమీటర్లు నడిచే వెళ్ళాడని చెప్తారు, వెళ్ళినవాడు దాదాపు నాలుగు నెలలకి గానీ తిరిగి రాలేదు, వచ్చాక చర్చివాళ్ళు పెట్టిన చివాట్లు రికార్డుల్లో ఇప్పటికీ ఉన్నాయి. 1717లో వైమార్ ప్రభువు దగ్గర పని మానేస్తానని పట్టుబడితే ఆయనకి ఒళ్ళుమండి దాదాపు నెలరోజులు లోపలేయించాడు, రాజీనామా చేసినందుకు జైలు! 1723లో లైప్‌జిగ్ ఉద్యోగం కూడా ఊరికే రాలేదు, మున్సిపల్ కౌన్సిల్ వాళ్ళు ముందు అడిగింది అప్పటికే పేరున్న సంగీతకారుడు టెలిమాన్‌ని, ఆ తర్వాత గ్రౌప్నర్ అనే ఇంకో ఆయన్ని, వాళ్ళిద్దరూ రాకపోతేనే ఈయన్ని తీసుకున్నారు.

అక్కడ పనేంటంటే స్కూల్లో పిల్లలకి పాట నేర్పాలి, ఊళ్ళో చర్చిల సంగీతం చూసుకోవాలి, ఆదివారం ఆదివారానికి ఒక కాంటాటా (గాయకులూ వాయిద్యాలూ కలిసి చేసే చర్చి పాటల వరస) సిద్ధంగా ఉండాలి. మొదటి రెండు మూడేళ్ళు దాదాపు వారానికొకటి కొత్తది రాసి, భాగాలు కాపీ చేయించి, పిల్లలతో రిహార్సల్ చేయించి పాడించాడంటే ఎలా చేశాడో అర్థం కాదు. జీతం చాలక 1730లో ఓ పాత స్నేహితుడికి ఉత్తరం రాశాడు, ఊళ్ళో చావులు ఎక్కువైతే పై ఆదాయం పెరుగుతుందట, గాలి ఆరోగ్యంగా ఉంటే తగ్గుతుందట, కిందటేడు అలా నూరు థాలర్లకి (అప్పటి జర్మన్ వెండి నాణేలు) పైనే పోయాయని రాసుకున్నాడు. పాషన్‌లు (క్రీస్తు శ్రమలూ మరణం కథగా పాడే పెద్ద రచనలు) రాసిన మనిషి చావుల లెక్క చూసుకుంటున్నాడని కొందరు వంకపెడతారు గానీ ఇంటినిండా పిల్లలున్నవాడికి (ఇద్దరు భార్యలకి కలిపి ఇరవై మంది పుట్టారు, సగమే బతికారు) అది మామూలు లెక్కే.

హాండెల్‌ది ఇంకో లోకం. తండ్రి మంగలి పని, శస్త్రవైద్యం రెండూ చేసేవాడు, అప్పట్లో రెండూ ఒకటే వృత్తి, కొడుకు లా చదవాలని ఆయన కోరిక. కొడుకేమో హాంబర్గ్ ఒపెరాలో చేరి, అక్కణ్ణించి ఇటలీ వెళ్ళి, 1711లో లండన్‌లో ఇటాలియన్ ఒపెరా పెట్టి హిట్ కొట్టాడు. 1717 జులైలో థేమ్స్ నది మీద రాజుగారి పడవ పక్కన ఇంకో పడవలో యాభై మంది దాకా వాయిద్యగాళ్ళని కూర్చోబెట్టి వాటర్ మ్యూజిక్ వాయిస్తే, రాజుగారు మళ్ళీ మళ్ళీ అని మూడుసార్లు వాయించుకున్నాడు. ఆ తర్వాత కంపెనీ పెట్టడం, స్టార్ సింగర్లకి బోలెడంత డబ్బు పోయడం, కంపెనీ మునగడం, మళ్ళీ పెట్టడం. పాడనని మొండికేసిన కుజ్జోని అనే గాయనిని ఎత్తి కిటికీలోంచి పడేస్తానన్నాడని కథ ఒకటుంది. 1737లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, ఆహెన్ వేడినీళ్ళ బుగ్గల్లో స్నానాలు చేసి మళ్ళీ లేచాడు.

లేచి ఏంచేశాడో చూడండి, ఒపెరా గిట్టుబాటు కావట్లేదని మెల్లగా ఆరటోరియోకి మారిపోయాడు, ఇంగ్లీషు పాట, బైబిల్ కథ, సెట్టింగులూ వేషాలూ లేవు కాబట్టి ఖర్చు తక్కువ. వాటిలో అన్నిటికన్నా పేరున్న మెసయ్య 1741లో 24 రోజుల్లో రాసేశాడు, మరుసటేడు ఏప్రిల్ 13న డబ్లిన్‌లో ధర్మం కోసం మొదటి ప్రదర్శన, జనం ఎక్కువమంది పట్టాలని ఆడవాళ్ళని గౌన్ల కింద వెడల్పాటి చట్రాలు లేకుండా, మగవాళ్ళని కత్తుల్లేకుండా రమ్మని ప్రకటన ఇచ్చారు. ఆ డబ్బుతో అప్పులు తీర్చలేక జైల్లో ఉన్న 142 మందిని విడిపించారు. ఇదే పెద్దమనిషి బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ షేర్లు కూడా కొన్నాడు, ఆయన దానధర్మాల గురించి చెప్పేవాళ్ళు ఈ ముక్క మింగేస్తారు. 1759లో పోయేనాటికి ఇరవై వేల పౌండ్ల దాకా ఆస్తి, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో సమాధి. బాఖ్ భార్య అన్నా మగ్దలేనా మాత్రం మొగుడు పోయిన పదేళ్ళకి, ఊరివాళ్ళ దానం మీద బతుకుతూ పోయింది.

సరే, సంగీతం. హాండెల్ టికెట్ కొన్నవాడి కోసం రాశాడు, మొదటిసారి విన్నప్పుడే తగలాలి, రెండో ఛాన్స్ ఉండదు. 1727లో రాజు పట్టాభిషేకానికి రాసిన జాడోక్ అనే కోరస్ పాట వినండి. వయొలిన్లు మెల్లగా అలలు అలలుగా మొదలవుతాయి, ఇరవై రెండు బార్లు (మన తాళంలో ఆవర్తాల్లాంటివి) అలా పోతూనే ఉంటాయి, ఎవరూ పాడరు, ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని మనం కాచుక్కూర్చుంటే ఒక్కసారిగా కోరస్ మొత్తం మీద పడుతుంది. 2023లో చార్లెస్ పట్టాభిషేకంలోనూ ఇదే పాడారు. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌ల ముందు వచ్చే పాట దీన్నించి చేసిందే, కాబట్టి అర్ధరాత్రి ఫుట్‌బాల్ చూసే మనవాళ్ళకి తెలీకుండానే హాండెల్ తెలుసు.

బాఖ్ వేరు. 1722 నాటి వెల్ టెంపర్డ్ క్లావియర్ అనే కీబోర్డు రచనల పుస్తకంలో మొదటి ప్రెల్యూడ్ (ముందుమాటలాంటి చిన్న రచన) చూడండి, ఒక్కో బార్‌లో ఎనిమిది స్వరాల వరస, అదే వరస ఇంకోసారి, అంతే, తర్వాతి బార్‌లో ఒకటో రెండో స్వరాలు జరుగుతాయి. పాట అని పట్టుకోడానికి ఏమీ లేదు, ఐనా ఎక్కడో బిగుసుకుంటుంది, ఎక్కడో వదులవుతుంది. దాని వెనకే వచ్చే ఫ్యూగ్‌లో ఒకే చిన్న వరసని ఒకదాని తర్వాత ఒకటి అందుకుని నాలుగు గొంతులు ఒకేసారి నడుస్తాయి, ఒకే రాగం వెంట పోవడం అలవాటైన మన చెవికి ఏ గొంతు పట్టుకోవాలో మొదట్లో అస్సలు తెలీదు. అందుకే కొత్తవాళ్ళకి బాఖ్ వద్దంటాను, ఇంతా చేసి బోర్ కొట్టిందనేసి మళ్ళీ ఆ వైపు రారు.

వివాల్డి ఫోర్ సీజన్స్ ఇంకా తేలిక, నిజమే. వెనిస్‌లో అనాథ ఆడపిల్లల సంస్థలో వయొలిన్ నేర్పిన పూజారి, బాఖ్ అంతటివాడు ఆయన కాన్సర్టోలని (ఒకరిద్దరు ముఖ్య వాయిద్యగాళ్ళు బృందంతో కలిసి వాయించే రచనలు) ఆర్గన్‌కీ, పియానోకి ముందు తరం వాయిద్యం హార్ప్సికార్డ్‌కీ మార్చి రాసుకున్నాడు. కానీ పోయాక రెండొందల ఏళ్ళ దాకా జనం దాదాపు మర్చిపోయారు, కాబట్టి ప్రభావం లెక్కలో వెనకబడతాడు.

ఆ లెక్కలో హాండెల్‌ని తీసిపారేయలేం. ఇంగ్లండ్ ఆయన్ని ఒక్కరోజూ మర్చిపోలేదు, 1791లో లండన్‌లో ఆయన కోరస్‌లు విన్న ఆస్ట్రియా సంగీతకారుడు హైడన్ ఆ తర్వాతే క్రియేషన్ అనే ఆరటోరియో రాశాడు. బాఖ్‌ని మామూలు జనం మర్చిపోయారు, 1829లో ఇరవయ్యేళ్ళ సంగీతకారుడు మెండెల్సన్ బెర్లిన్‌లో బాఖ్ మాథ్యూ పాషన్ మళ్ళీ పాడించేదాకా. కానీ సంగీతం రాసేవాళ్ళు మర్చిపోలేదు, బీథోవెన్ చిన్నప్పుడే క్లావియర్ పుస్తకం సాధన చేశాడు, మోట్సార్ట్ ఆ ఫ్యూగ్‌లు చూసి తనూ ఫ్యూగ్‌లు రాయడం మొదలుపెట్టాడు. మన ఇళయరాజా కూడా 1986 వాద్య ఆల్బమ్‌లో ఒక ట్రాక్‌కి బాఖ్ పేరే పెట్టుకున్నాడు. 1977లో వోయేజర్ వ్యోమనౌకతో అంతరిక్షంలోకి పంపిన రికార్డులో బాఖ్‌వి మూడున్నాయి, హాండెల్‌ది ఒక్కటీ లేదు.

ఆఖర్న ఇద్దరికీ చూపు పోయింది, ఇద్దరి కళ్ళకీ చెయ్యిపెట్టింది జాన్ టేలర్ అనే ఒకే ఇంగ్లీషు వైద్యుడు, ఇద్దరికీ నయం కాలేదు.

వినే వరస అడిగితే: వాటర్ మ్యూజిక్, జాడోక్, మెసయ్యలో కోరస్‌లు. తర్వాత బాఖ్ చెల్లో సూట్ మొదటి ప్రెల్యూడ్, మూడో బ్రాండెన్‌బర్గ్ కాన్సర్టో, అప్పుడు వెల్ టెంపర్డ్ క్లావియర్. మాథ్యూ పాషన్ జోలికి అప్పుడే పోకండి, మూడు గంటలకి కాస్త తక్కువ, అంతా జర్మన్, విన్నా మాటల అర్థం ముందు పెట్టుకునే వినండి.