ఒకే భవనం, రెండు సొసైటీలు

ఏడో ఎడ్వర్డ్ రాజు కాలంలో (1901–10) లండన్‌లోని బర్లింగ్టన్ హౌస్‌లోనే శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ, మొక్కలూ జంతువులను అధ్యయనం చేసేవాళ్ల సంఘమైన లిన్నియన్ సొసైటీ రెండూ ఉండేవి. రెండింటికీ రాజు ఇచ్చిన చార్టర్లే (స్థాపన, నియమాల అధికార పత్రాలే) ఆధారం: ఒకటి 1662 నాటిది, మరొకటి 1802 నాటిది. ఆడవాళ్లను చేర్చుకోవాలా అన్న ప్రశ్న వచ్చేసరికి దారులు వేరయ్యాయి.

రాయల్ సొసైటీలో పట్టంతా దాన్ని నడిపే కౌన్సిల్‌దే. ఏటా కొత్తగా తీసుకోవాల్సిన 15 మంది సభ్యులనీ అదే ఎంచి సిఫారసు చేసేది. 1902లో భౌతిక శాస్త్రవేత్త హెర్తా అయర్టన్ పేరు ముందుకొచ్చింది. కౌన్సిల్ లాయర్లను అడిగింది. పెళ్లయిన స్త్రీ చార్టర్ ప్రకారం సభ్యురాలు కాలేదని వాళ్లు తేల్చారు, అంతే. తమాషా ఏంటంటే, 1904లో ఆమె చేత అక్కడే పరిశోధనా పత్రం చదివించారు, 1906లో సొసైటీ తరఫున హ్యూస్ పతకమూ ఇచ్చారు! పతకానికి పనికొచ్చిన మనిషి సభ్యత్వానికి పనికిరాలేదన్నమాట. స్త్రీలు ఎన్నికైంది 1945లోనే.

లిన్నియన్‌లో చేర్చుకోమని వృక్షశాస్త్రం తెలిసిన మారియన్ ఫార్కర్సన్ 1900 నుంచి అర్జీలు పెట్టి వెంటపడ్డారు. మొదట్లో అక్కడా నసిగారు. చివరికి సభ్యులు ఓటేసి, 1904లో అనుబంధ చార్టరే తెచ్చుకున్నారు. ఆ ఏడాది చివర్లోనే స్త్రీలు ఎన్నికయ్యారు.

అలాగని లిన్నియన్‌ని మరీ మెచ్చుకోలేం. రహస్య ఓటింగ్‌లో అందరికీ దారి వేసిన ఫార్కర్సన్‌నే తిప్పికొట్టారు. 1908లో ఎన్నుకున్నారు గానీ, అప్పటికి జబ్బుతో ఉన్న ఆవిడ వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టి సభ్యత్వం పూర్తి చేసుకోలేకపోయారు.