కీబోర్డు చెడిపోలేదు: ఒక లాప్‌టాప్‌తో ఎనిమిది నెలలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మనమంతా సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఎనిమిది నెలల క్రితం 62 వేల రూపాయలకు ఒక పద్నాలుగు అంగుళాల లాప్‌టాప్ కొన్నాను. ఇంటెల్ ప్రాసెసర్, 16 జీబీ మెమరీ. తెర బాగుంది, బరువు తక్కువ, మూత బిగువు ఇప్పటికీ సడలలేదు. వీటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. నేను చెప్పదలచుకున్నది ఇందులోని ఫర్మ్‌వేర్ (తయారీదారు మెషీన్‌లోనే వేసి పంపే మూల సాఫ్ట్‌వేర్) గురించి, దాని లోపాన్ని లైనక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, తన మీద వేసుకున్న తీరు గురించి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం ఇబ్బంది ఒక్క కంపెనీకే పరిమితమైనది కాదు.

కొన్న రోజు రాత్రే విండోస్ తీసేసి లైనక్స్ వేశాను. లైనక్స్ మొదలవడానికి ముందు వచ్చే గ్రబ్ మెనూలో బాణం మీటలు చక్కగా పనిచేశాయి. లాగిన్ తెర వచ్చేసరికి ఒక్క మీటా పలకలేదు. టచ్‌ప్యాడ్ పనిచేస్తోంది, యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే అదీ పనిచేస్తోంది, లాప్‌టాప్ సొంత కీబోర్డు మాత్రం మూగబోయింది. మర్నాడు షాపుకు తీసుకువెళితే షాపాయన రెండు మీటలు నొక్కి చూసి, "కీబోర్డు ఖరాబైంది సార్, వారంటీలో కాకుంటే 3,500 అయితది" అన్నారు. మెషీన్ రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూలో బాణం మీటలు కదులుతున్నాయని చూపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే కీబోర్డుది కాదు, పైసలిచ్చి మార్పించకండి" అని నిజాయితీగా చెప్పి పంపించారు. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు తమ విండోస్ డిస్క్ పెట్టి చూసి, అందులో పనిచేస్తోంది కనుక తమ వైపు లోపమేమీ లేదని కాగితం మీద రాసి తిరిగి ఇచ్చారు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో రాసినది తప్పు.

కెర్నల్ లాగ్‌లో అసలు సంగతి ఒక్క వరుసలో ఉంది: ఐఆర్‌క్యూ 1ని, అంటే ఒకటో నంబరు ఇంటరప్టును (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాన్ని), ఫర్మ్‌వేర్ మాట కాదని ఎడ్జ్, హైగా ఓవర్‌రైడ్ చేస్తున్నానని, రెండు మాటల పక్కనా బ్రాకెట్లలో ఆశ్చర్యార్థకాలతో సహా. ఇంటరప్టుల పట్టిక తెరిచి పెట్టుకుని మీటలు ఎన్నిసార్లు నొక్కినా, ఒకటో నంబరు వరుసలోని లెక్క కదలలేదు. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి కీబోర్డుకు ఇచ్చిన ఇంటరప్టు నంబరు అదే. నేటి లాప్‌టాప్‌లలోనూ చాలావాటిలో ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ పాత 8042 కీబోర్డు కంట్రోలర్ వేషం కట్టి, అదే నంబరు మీద కెర్నల్‌ను పిలుస్తుంది. ఆ పిలుపు రెండు రకాలుగా ఉండవచ్చు. కాలింగ్ బెల్ ఒక్కసారి నొక్కి వదిలేస్తే అది ఎడ్జ్. తలుపు తీసేదాకా నొక్కి పట్టుకుంటే అది లెవెల్. వోల్టేజి పెరగడాన్ని పిలుపుగా తీసుకోవాలా, తగ్గడాన్ని తీసుకోవాలా అన్నది మరో తేడా. నా లాప్‌టాప్‌లో ఫర్మ్‌వేర్ ఇచ్చిన, పరికరాల వివరాలుండే డీఎస్‌డీటీ పట్టికను విప్పి చూస్తే కీబోర్డు పిలుపు లెవెల్, యాక్టివ్ లో (వోల్టేజి తగ్గడమే పిలుపు) అని ఉంది. కెర్నల్ దానిని పక్కన పెట్టి, ఎడ్జ్, హై అనుకుని మరో తలుపు దగ్గర కాచుకుని కూర్చుంది.

అయితే కెర్నల్‌ది మొండితనం కాదు. ఫర్మ్‌వేర్ హార్డ్‌వేర్ వివరాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎలా చెప్పాలో నిర్ణయించే ఏసీపీఐ నిబంధనల ప్రకారం, పాత పీసీల కాలం నాటి ఐఎస్‌ఏ ఇంటరప్టులలో దేనికైనా మామూలు పద్ధతి వర్తించకపోతే ఆ సంగతిని ఎంఏడీటీ అనే మరో పట్టికలో విడిగా నమోదు చేయాలి. నా మెషీన్‌లో ఆ నమోదు లేదు. ఒక పట్టిక ఒకటి చెబుతోంది, రెండవది నోరు మెదపడం లేదు. డీఎస్‌డీటీలో తప్పుడు వివరాలు రాసిన పాత ఫర్మ్‌వేర్‌ల అనుభవంతో, ఇలాంటప్పుడు పాత సంప్రదాయాన్నే నమ్మాలని కెర్నల్‌లో ఎప్పుడో ఒక నియమం పెట్టారు. పాత రోగానికి వేసిన ఆ మందు కొత్త మెషీన్ల ఒంటికి పడలేదు.

దీనికి ఒకే దెబ్బతో పరిష్కారం ఎందుకు లేదో తెలియాలంటే ఏఎమ్‌డీ వ్యవహారం చూడాలి. 2022లో రైజెన్ 6000 లాప్‌టాప్‌లలో కీబోర్డులు ఇలాగే మూగబోతే, జెన్ ప్రాసెసర్లన్నిటిలో (రైజెన్‌లకు ఆధారమైన ఏఎమ్‌డీ డిజైన్) ఓవర్‌రైడ్ మానేయాలని కెర్నల్‌లో మార్పు చేశారు. దానితో, డీఎస్‌డీటీలో నిజంగానే తప్పు ఉన్న కొన్ని జెన్ మెషీన్లలో కీబోర్డు ఆగిపోయింది. వాటికి మినహాయింపుల జాబితా అవసరమైంది. 2023లో జెన్ నియమాన్నే తీసివేసి చూశారు. ఇంకొందరి కీబోర్డులు పోయాయి, మార్పును వెనక్కి తీసుకున్నారు. ఫర్మ్‌వేర్ రాసేవారు పట్టిక సరిగా నింపి ఉంటే ఈ రెండేళ్ల శ్రమ ఎవరికీ ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కనుక నా మెషీన్‌కు మిగిలిన దారి, ఓవర్‌రైడ్ చేయకూడని మెషీన్ల జాబితాలో దాని పేరు చేర్చడమే. కెర్నల్ ఏసీపీఐ విభాగంలోని రిసోర్స్ ఫైలులో ఆ జాబితా ఉంటుంది. బూట్ సమయంలో కెర్నల్ డీఎమ్‌ఐ సమాచారం, అంటే ఫర్మ్‌వేర్ చెప్పే మెషీన్ గుర్తింపు వివరాలు, చదివి, తయారీదారు పేరు, మదర్‌బోర్డు పేరు జాబితాలోని వాటితో సరిపోలితే ఆ మెషీన్‌కు మాత్రమే ప్రత్యేక నియమం వర్తింపజేస్తుంది. నేను చేర్చినది ఆరేడు వరుసల కోడ్. మొదట తయారీదారు పేరు ఒక్కటే రాద్దామనుకున్నాను; అలా చేస్తే బాగా పనిచేస్తున్న ఆ కంపెనీ మోడళ్లు కూడా వలలో పడతాయి. బోర్డు పేరు కూడా కలిపి రాశాను. ఆ గడిలో సరైన పేరు ఉండడం నా అదృష్టమనే చెప్పాలి, ఎందుకంటే కొన్ని బోర్డుల్లో అక్కడ "టు బి ఫిల్డ్ బై ఓఈఎమ్" అనే ఖాళీ ఫారమ్ మాటలే మిగిలిపోయి ఉంటాయి, అలాంటి మెషీన్‌ను పేరుతో గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. కెర్నల్ కంపైల్ చేసి రీస్టార్ట్ చేశాక, లాగిన్ తెర మీద నా పాస్‌వర్డ్ చుక్కలు ఒక్కొక్కటిగా పడుతుంటే కలిగిన సంతోషం చిన్నది కాదు. ఆ మార్పును (ప్యాచ్‌ను) కెర్నల్ నిర్వాహకులు స్వీకరించారు. కొన్ని వారాలకు అది మామూలు అప్‌డేట్‌లోనే నా మెషీన్‌కు తిరిగి వచ్చింది.

ఈ ఎనిమిది నెలల్లో కంపెనీ రెండుసార్లు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది. రెండుసార్లూ పట్టికలు విప్పి చూశాను. ఎంఏడీటీలో ఆ ఒక్క నమోదు ఇంకా లేదు. ఉచితంగా పనిచేసేవారూ, ఇతర కంపెనీల ఇంజనీర్లూ మరమ్మతు చేశారు కదా అని తయారీదారు తన బాధ్యత వదిలేయడాన్ని నేను ఒప్పుకోలేను. స్లీప్‌లోనూ కొంత కొరత ఉంది: మెమరీ తప్ప దాదాపు అన్నీ ఆగిపోయే పాత ఎస్3 నిద్ర ఇందులో లేదు, తేలికపాటి నిద్ర అయిన ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంది, మూత మూసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి బ్యాటరీ కొంత తగ్గుతుంది.

ఇప్పుడు లాప్‌టాప్‌కు అయిదుకు నాలుగు, ఫర్మ్‌వేర్‌కు ఒకటి, సర్వీస్ సెంటర్‌కు ఒకటి ఇస్తాను. డబ్బు తీసుకోని సీటీసీ షాపాయనకు అయిదు. లైనక్స్ కోసం కొనేవారు డిస్ట్రో (లైనక్స్ రూపాంతరం) ఉన్న పెన్‌డ్రైవ్ వెంట తీసుకువెళ్లి, షాపులోనే దానితో బూట్ చేయమని అడగండి. డెస్క్‌టాప్ వచ్చాక ప్రతి మీటా నొక్కండి, మూత ఒకసారి మూసి తెరవండి. పది నిమిషాల పని. ఆ సీటీసీ షాపాయన అయితే కాదనరు.